జపాన్ చేతిరంగుల పూలజాడీలు: అడుగు ముద్ర వయసు చెబుతుందా?

సంక్షిప్తంగా

"యాంటిక్ సత్సుమా", "పాత ఇమారి", "హ్యాండ్ పెయింటెడ్ నిప్పాన్" అనే పేర్లతో ఆన్‌లైన్ వేలాల్లో, పాత సామాన్ల దుకాణాల్లో కనిపించే జపాన్ పూలజాడీల్లో అత్యధికం 1870 తర్వాత విదేశాలకు ఎగుమతి చేయడానికి తయారైనవే. వాటి అడుగున ఉన్న ముద్రలు కొన్నిసార్లు ఊరిని, కొన్నిసార్లు శైలిని, మరికొన్నిసార్లు దిగుమతి చేసుకున్న దేశపు సుంకాల చట్టాన్ని సూచిస్తాయి. అందుకే ముద్రతో మొదలుపెట్టినవారు తరచూ పొరపడతారు. మట్టి, గాజుపూత, నీలిరంగు, బంగారం, లోపలి గోడ అనే వరుసలో చూసి, ముద్రను చివర చదివితే వయసు చాలావరకు తేలుతుంది.

తెలుగులో ఒకే మాట, బట్టీలో రెండు వస్తువులు

తెలుగులో తెల్లగా మెరిసే మట్టి సామానంతా "పింగాణీ"యే. జపాన్ జాడీల విషయంలో మొదటి గందరగోళం ఇక్కడే వస్తుంది. క్యూషూ దీవిలోని అరితా ఊళ్లో తయారై, పక్కనున్న ఇమారి రేవు నుంచి ఓడలెక్కిన జాడీలు అసలైన పింగాణీ. దాని ముడిసరుకు రాతిపొడి. సుమారు 1300 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలి, గాజులా బిగుసుకుపోతుంది. అదే దీవి దక్షిణ కొసన ఉన్న సత్సుమా ప్రాంతపు జాడీలు మాత్రం లేత మీగడరంగు మట్టివి. అవి అంతకంటే తక్కువ వేడిలో కాలతాయి, నీటిని కొద్దిగా పీల్చుకుంటాయి.

ఈ తేడాను ఇంట్లోనే చూడవచ్చు. జాడీని తిప్పి, అడుగు అంచున గాజుపూత లేని వలయం మీద ఒక నీటిచుక్క వేయాలి. పింగాణీ మీద చుక్క అలాగే నిలుస్తుంది, సత్సుమా మట్టి మీద నెమ్మదిగా ఇంకుతుంది. చీకటి గదిలో జాడీ లోపల చిన్న టార్చి వెలిగిస్తే పలుచని పింగాణీ గోడలోంచి వెలుగు బయటికి తెలుస్తుంది. సత్సుమా గోడ వెలుగును పూర్తిగా ఆపేస్తుంది. వేలితో తట్టి శబ్దం వినే అలవాటు చాలామందికి ఉంది గానీ ఇక్కడ అది తప్పుదారి పట్టిస్తుంది. పగులు లేని సత్సుమా జాడీ కూడా మొద్దుగానే మోగుతుంది కాబట్టి, ఆ శబ్దం విని "విరిగి అతికించినది" అనుకోవడం సరికాదు.

సత్సుమా గాజుపూత నిండా వెంట్రుకలాంటి సన్నని గీతల వల ఉంటుంది. జపాన్‌లో దాన్ని "కన్న్యూ" అంటారు. చల్లారేటప్పుడు మట్టి కంటే గాజుపూత ఎక్కువ కుంచించుకుపోతుంది. మట్టి ఆ మేరకు దగ్గరకు రాదు కాబట్టి బిగుతుకు గురైన పూత సన్నగా చీలుతుంది. ఆవకాయ జాడీలో ఇలాంటి చీలికలు వస్తే నూనె, ఉప్పు మట్టిలోకి దిగిపోతాయి, అక్కడ అది లోపం. సత్సుమా పనివారు మాత్రం మట్టి, పూత పాళ్లను కావాలనే అలా కుదిర్చి, ఆ వలను బొమ్మకు నేపథ్యంగా వాడుకున్నారు. మంచి జాడీలో ఈ వల చాలా సన్నగా ఉండి, దగ్గరగా చూస్తే గానీ తెలియదు. గీతలన్నీ ఒకే మందంలో, ఒకే గోధుమరంగులో కనిపిస్తే, టీ డికాషనో సిరానో పట్టించి పాతదనం తెచ్చి ఉండవచ్చని అనుమానించాలి. సహజంగా పట్టిన మరక ఎక్కడా సమానంగా ఉండదు. పెచ్చు లేచిన చోట, నీళ్లు నిలిచిన మేర ముదురుగా, మిగతా చోట్ల లేతగా ఉంటుంది.

ఎగుమతి ఎలా మొదలైంది

అరితా, సత్సుమా రెండింటి చరిత్రకూ మూలం కొరియా. జపాన్ పాలకుడు హిదెయోషి సేనలు 1592 నుంచి 1598 వరకు కొరియా మీద చేసిన దండయాత్రల్లో అక్కడి కుమ్మరులను పట్టి తెచ్చాయి. వారిలో రి సంపేయి అనే పనివాడు 1616లో అరితా దగ్గర ఇజుమియామా కొండలో పింగాణీ రాయిని కనిపెట్టాడని సంప్రదాయం చెబుతుంది. 1644లో చైనాలో మింగ్ వంశం కూలిన తర్వాత అక్కడి పింగాణీ సరఫరా దెబ్బతింది. డచ్ ఈస్టిండియా కంపెనీ అరితా వైపు తిరిగి 1659లో పెద్ద ఆర్డరు ఇచ్చింది. నీలం, ఇటుకెరుపు, బంగారం కలిసిన "ఇమారి" రంగుల జాడీలు యూరప్ కోటల్లోకి చేరింది ఆ దారినే.

సత్సుమా కథ వేరు. ఆ ప్రాంతాన్ని ఏలిన షిమజు ప్రభువులు తమవెంట తెచ్చిన కొరియా కుమ్మరులు నయెషిరొగవా లాంటి ఊళ్లలో స్థిరపడ్డారు. వారు చేసిన తెల్లని సామాను ప్రభువుల వాడకానికే పరిమితం, సామాన్యులకు నల్లని సామాను. దాని మీద రంగులు, బంగారంతో చిత్రించే పని క్యోటో నుంచి నేర్చుకుని మొదలుపెట్టింది 18వ శతాబ్దం చివర్లోనే. ఈ ఒక్క విషయం గుర్తుంటే చాలు, రంగులతో నిండిన జాడీని "1650 నాటి సత్సుమా" అని అమ్మజూపే ప్రకటనలన్నీ పక్కన పెట్టవచ్చు.

1867 పారిస్ ప్రదర్శనలో సత్సుమా సంస్థానం, దేశాన్ని ఏలుతున్న సైనిక పాలకుడు షోగున్ ప్రభుత్వంతో సంబంధం లేకుండా విడిగా పాల్గొంది. 1873 వియన్నా ప్రదర్శనలో షోగున్ పాలన పోయి 1868లో వచ్చిన కొత్త మెయిజి చక్రవర్తి ప్రభుత్వం అధికారికంగా అడుగుపెట్టింది. సత్సుమా కుమ్మరి వంశానికి చెందిన పన్నెండవ చిన్ జుకాన్ చేసిన నిలువెత్తు జాడీల జంట అక్కడ అందరి దృష్టినీ ఆకర్షించింది. గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. ఒక చిన్న ప్రాంతపు బట్టీలు ఆ గిరాకీని తీర్చలేవు. దాంతో క్యోటోలోని అవాతా, ఒసాకా, యొకొహామా, కోబే, టోక్యోల్లో చిత్రకారుల కార్ఖానాలు వెలిశాయి. క్యోటోలో కింకొజాన్ కార్ఖానా ఈ శైలిలో అతిపెద్ద తయారీదారుగా ఎదిగింది. ఒసాకాలో యాబు మెయిజాన్ 1880లో కార్ఖానా తెరిచి, రంగులు వేయని తెల్లజాడీలను తెప్పించుకుని వాటి మీద చిత్రాలు వేయించాడు. అప్పటినుంచి "సత్సుమా" ఊరి పేరు కాకుండా శైలి పేరైంది.

ఆ మార్పు ఫలితం ముద్రల్లో నేరుగా కనిపిస్తుంది. వలయంలో అడ్డం నిలువు గీతల శిలువ, అంటే షిమజు వంశచిహ్నం, అడుగున ఉంటే ఆ జాడీ ప్రభువుల బట్టీలో తయారైందని చాలామంది నమ్ముతారు. క్యోటో, యొకొహామా కార్ఖానాలు కూడా అదే చిహ్నాన్ని విరివిగా వేశాయి. కొనుగోలుదారు దృష్టిలో అది నాణ్యతకు గుర్తు. వంశచిహ్నం ఉండటం శైలిని సూచిస్తుందే తప్ప తయారైన ఊరిని నిరూపించదు.

రంగులు ఏ వరుసలో కాలతాయి, ఎక్కడ చెడతాయి

అరితా జాడీని ముందుగా సుమారు 900 డిగ్రీల దగ్గర ఒకసారి కాలుస్తారు. గరుకుగా ఉన్న ఆ మట్టి మీద కోబాల్టు నీలంతో గీసి, గాజుపూతలో ముంచి, 1300 డిగ్రీల బట్టీలో పెడతారు. నీలం ఇలా పూత కిందే ఉండిపోతుంది కాబట్టి ఎన్నేళ్లు తుడిచినా అరగదు. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, ఊదా, బంగారం అంతటి వేడిని తట్టుకోలేవు. వాటిని కాలిన పూత మీద వేసి, సుమారు 750 నుంచి 850 డిగ్రీల మధ్య మళ్లీ కాలుస్తారు. సత్సుమాలోనూ పైరంగులకు ఇదే పద్ధతి. ముందు సన్నని నలుపు లేదా ఎరుపు గీతలతో రూపురేఖలు గీసి, వాటిలో మందమైన ఎనామిల్ రంగులు నింపి, చివర బంగారం అద్దుతారు. పని క్లిష్టమైనదైతే జాడీ ఒకటికి మించి సార్లు బట్టీలోకి వెళ్లి వస్తుంది.

ప్రతి విడతలోనూ ప్రమాదం ఉంది. వేడి చాలకపోతే రంగు గాజుపూతలో నాటుకోదు, ఏళ్లు గడిచాక పెచ్చులుగా రాలుతుంది. బంగారమైతే వేలికే అంటుకుంటుంది. వేడి మించితే గీతలు కరిగి చెదురుతాయి, ఎరుపు గోధుమరంగులోకి దిగుతుంది. గట్టుకట్టినట్లు పైకి లేచే అలంకారాన్ని "మొరియాగె" అంటారు. పలుచని మట్టిముద్దను గొట్టంలోంచి పిండి ముగ్గులా వేస్తారు. అది కిందనున్న పూతతో సమానంగా కుంచించుకుపోకపోతే ముత్యాల్లాంటి ఆ చుక్కలు ఊడిపోతాయి. మొరియాగె జాడీని చూసేటప్పుడు చుక్కల వరుసలను వేలికొనతో తడిమి ఖాళీలు వెతకడం అందుకే అవసరం. ఊడిన చోటును తర్వాత రంగుతో కప్పేస్తే కంటికి తెలియదు, వేలికి తెలుస్తుంది.

నీలం, బంగారం: కాలాన్ని పట్టించే రెండు రంగులు

గాట్‌ఫ్రీడ్ వాగెనర్ అనే జర్మన్ రసాయనవేత్త 1870లో అరితా వచ్చి, శుద్ధిచేసిన కోబాల్టు వాడకాన్ని పరిచయం చేశాడు. అంతకుముందు "గొసు" అనే సహజ ఖనిజాన్ని నూరి వాడేవారు. అందులో మాంగనీసు, ఇనుము కలిసి ఉండటంతో నీలం బూడిద ఛాయలో, ఒకచోట ముదురుగా మరోచోట లేతగా పడేది. శుద్ధి కోబాల్టు నీలం ప్రకాశవంతంగా, కొద్దిగా ఊదా ఛాయతో, అంతటా ఒకే తీరుగా ఉంటుంది. ఇమారి జాడీ మీద మెరిసే నీలం ఉండి, ధర మాత్రం 18వ శతాబ్దం పేరుతో అడుగుతుంటే ఆ రెండూ పొసగవు. బూడిద నీలం ఉన్నంతమాత్రాన పాతదని తేలదు, దాన్ని ఈనాడూ అనుకరించవచ్చు. అంటే ఈ పరీక్ష పాతదనాన్ని కాదనడానికే గట్టి ఆధారం.

బంగారంలోనూ ఇలాంటి తేడా ఉంది. పాత పద్ధతిలో బంగారాన్ని పొడిగా నూరి, కాలిన తర్వాత గట్టి మొనతో రుద్ది మెరుగు పెట్టేవారు. ఆ కాంతి మెత్తగా, కాస్త మసకగా, పసుపుతనంతో ఉంటుంది. ద్రవబంగారం 19వ శతాబ్దంలో జర్మనీలో రూపొందింది. జపాన్‌లో దాన్ని "మిజుకిన్", అంటే నీటిబంగారం, అన్నారు. అది బట్టీలోంచి బయటికి వస్తూనే అద్దంలా మెరుస్తుంది, రుద్దే పని లేదు. చాలా పలుచగా పరుచుకుంటుంది కాబట్టి చౌక. ఎగుమతి జాడీలు వేలల్లో తయారవడానికి దోహదపడిన మార్పుల్లో ఇదొకటి. పలుచని పొర కనుక త్వరగా అరిగిపోవడం దీని లక్షణం.

అరుగుదల ఎక్కడుందన్నది కూడా చదవాల్సిన విషయమే. చేతులు తగిలే మెడ, భుజాలు, పిడులు, పైకి లేచిన అంచుల దగ్గర బంగారం అరగడం సహజం. చెయ్యి చేరని లోతైన మడతల్లో కూడా అంతే సమానంగా పోయిందంటే, ఎవరో గరుకు గుడ్డతోనో పొడితోనో తోమారని అర్థం.

చెయ్యి ఎంత, అచ్చు ఎంత

"చేతిరంగులు" అనగానే ప్రతి గీతా చేతితో గీసిందేనని అనుకుంటాం. మెయిజి కాలపు (1868–1912) కార్ఖానాల్లో వాస్తవం మధ్యస్థంగా ఉంది. యాబు మెయిజాన్ రాగి రేకుల మీద చెక్కిన నమూనాలతో రూపురేఖలను జాడీ మీదకు దించి, రంగులు, బంగారం చేతితో నింపించాడు. అతని జాడీల్లో అతి చిన్న మనుషుల ముఖాలు అంత కచ్చితంగా కుదరడానికి ఈ పద్ధతి తోడ్పడింది. ఇవాళ అవి మ్యూజియంలు పోటీపడే వస్తువులు. అచ్చు వాడారనే కారణంతో జాడీని తక్కువ చేయడం తొందరపాటు. నీలితెలుపు సామానులో మాత్రం రాగిరేకు అచ్చులు, కాగితపు కత్తిరింపులు (స్టెన్సిళ్లు) చౌకకోసమే వచ్చాయి. కత్తిరింపు పనిలో గీతలు అక్కడక్కడా తెగి చుక్కలుగా కనిపిస్తాయి. రాగిరేకు పనిలో అచ్చుకాగితం రెండు కొసలు కలిసిన చోట డిజైను కొంచెం తప్పుతుంది.

పది రెట్ల భూతద్దం ఉంటే కుంచెపని, అచ్చుపని, ఆధునిక స్టిక్కర్ బొమ్మ మూడూ తేటతెల్లమవుతాయి. కుంచెగీత మొదట్లో మందంగా, చివర సన్నగా తేలిపోతుంది, రెండు ఆకులు ఎప్పుడూ ఒకేలా ఉండవు. అచ్చుగీత మందం మారదు. ఆధునిక స్టిక్కర్ బొమ్మలో రంగు పత్రికల్లో అచ్చయిన ఫోటోలాగా చిన్నచిన్న చుక్కలుగా విడిపోతుంది. ఆ చుక్కలు కనిపించాక జాడీ వయసు గురించి వాదించాల్సిన అవసరం లేదు.

జాడీ మట్టిలో కూడా చెయ్యి, అచ్చు తేడా ఉంది. కుమ్మరి సారె మీద లేచిన జాడీ లోపల వేలు పెడితే చుట్లు చుట్లుగా గాడులు తగులుతాయి. పెద్ద జాడీలను రెండు ముక్కలుగా లేపి పొట్ట దగ్గర అతికేవారు, లోపల ఆ అతుకు గట్టులా తెలుస్తుంది. పలుచని మట్టిద్రావణాన్ని ప్లాస్టర్ అచ్చులో పోసే పద్ధతి వియన్నా ప్రదర్శనకు వెళ్లివచ్చిన బృందం ద్వారా జపాన్‌కు చేరింది. అలా పోసిన జాడీ లోపలి గోడ బయటి రూపాన్నే అనుసరిస్తుంది. బయట ఉబ్బు ఉన్నచోట లోపల గుంట ఉంటుంది. 1873 కంటే పాతదని చెప్పే జాడీలో ఇది కనిపించకూడదు.

అడుగు ముద్రలు, వాటి వెనకున్న సుంకాలు

ఇప్పుడు ముద్ర దగ్గరకు రావచ్చు. అమెరికా 1890లో తెచ్చిన మెకిన్లీ సుంకాల చట్టం దిగుమతి వస్తువుల మీద తయారైన దేశం పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉండాలంది. ఈ నియమం 1891 మార్చి నుంచి అమల్లోకి వచ్చింది. జపాన్ తయారీదారులు "నిప్పాన్" అని రాశారు. అది జపనీస్ మాట, "జపాన్" అనే ఇంగ్లీషు పేరే వాడాలని 1921లో అమెరికా తేల్చింది. 1945 తర్వాత జపాన్ మిత్రరాజ్యాల ఆక్రమణలో ఉన్న కాలంలో "ఆక్యుపైడ్ జపాన్" ముద్రలు వచ్చాయి, 1952లో ఆక్రమణతోపాటు అవీ ముగిశాయి. కాబట్టి నిప్పాన్ ముద్ర అసలైనదైతే ఆ జాడీ 1891, 1921 మధ్యది, అంటే నూరేళ్లు దాటింది.

తిరగేసి చెప్పడం మాత్రం కుదరదు. ముద్ర లేదు కాబట్టి 1891 కంటే ముందుదే అనేది ఎక్కువమంది చేసే పొరపాటు. ఆ చట్టం అమెరికాకు వెళ్లిన సరుకుకే వర్తించింది. బ్రిటన్‌కు, ఇతర దేశాలకు వెళ్లిన జాడీలకు ఆ అవసరం లేదు. కాగితపు చీటీ అంటించి పంపినవీ ఉన్నాయి, ఆ చీటీ ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది.

నిప్పాన్ జాడీల్లో ప్రసిద్ధమైనవి మొరిమురా సోదరులవి. 1876లో మొదలైన ఈ వ్యాపారసంస్థ నుంచి 1904లో నిప్పాన్ తోకీ కర్మాగారం పుట్టింది. నేడు నొరితాకె పేరుతో తెలిసినది అదే. ఆకుల వలయం మధ్య ఇంగ్లీషు "ఎమ్" అక్షరం వారి ముద్ర. 20వ శతాబ్దం చివర్లో వచ్చిన నకళ్లలో ఆ ఎమ్ స్థానంలో ఇసుకగడియారం లాంటి ఆకారం కనిపిస్తుంది. ఆ తర్వాతి నకళ్లు ఎమ్‌ను కూడా సరిగ్గానే వేశాయి. అక్కడ మట్టి బరువు, మొరటు బంగారం, సాఫీగా లేని అడుగు వలయమే పట్టిస్తాయి.

సత్సుమా జాడీల మీద చేతితో రాసిన జపనీస్ సంతకాలకు కొన్ని మాటలు తెలిస్తే చాలు. "దాయ్ నిప్పాన్" అంటే మహా జపాన్, మెయిజి కాలంలో తరచూ కనిపిస్తుంది. చివర "జో" ఉంటే తయారుచేసినవాడు, "గా" ఉంటే చిత్రించినవాడు. మట్టిపని ఒకరిది, చిత్రం మరొకరిది అయిన సందర్భాలు ఎక్కువ కనుక ఈ తేడాను పట్టించుకోవాలి. "సత్సుమా" అని ఇంగ్లీషులో రాసి ఉన్నది మెయిజి వస్తువు కాదు, ఇరవయ్యవ శతాబ్దపు సరుకు. "రాయల్ సత్సుమా" అనేవి ఇంకా తర్వాత, చాలావరకు చైనాలో తయారైనవి. అరితా జాడీల అడుగున చైనా మింగ్ చక్రవర్తి చెంగ్‌హువా కాలపు ముద్ర ఉండటం మాత్రం మోసం కిందికి రాదు. పాత చైనా పనితనం పట్ల గౌరవంతో, అలంకారంగా ఆ ముద్ర వేయడం అక్కడ పాత అలవాటు.

మరమ్మతులు, రంధ్రాలు

అంచు పెచ్చులను రెసిన్‌తో నింపి రంగు వేస్తే మామూలు వెలుగులో పోల్చడం కష్టం. 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చిని చీకట్లో పట్టుకుంటే కొత్త జిగురు, రంగు చుట్టూ ఉన్న గాజుపూతకు భిన్నంగా వెలుగుతాయి. గోరుతో తాకినా రెసిన్ భాగం మెత్తగా, గాజుపూత కంటే వెచ్చగా అనిపిస్తుంది. అసిటోన్ అద్దిన దూదితో పరీక్షించే సలహా కొందరిస్తారు. పాత మరమ్మతును, దాని మీద వేసిన రంగును అది ఊడదీస్తుంది కనుక, సొంతం కాని జాడీ మీద చేయకూడదు.

చాలా జాడీలను గతంలో టేబుల్ ల్యాంపులుగా మార్చారు. దాంతో అడుగున వైరు కోసం తొలిచిన రంధ్రం ఉంటుంది. రంధ్రం గోడ గరుకుగా, అంచు చిట్లి, పూత లేకుండా ఉంటే అది తర్వాత తొలిచినదే. విలువ గణనీయంగా తగ్గుతుంది. జంటగా అమ్మే జాడీలలో బొమ్మలు అద్దంలో చూసినట్లు ఎదురెదురుగా ఉన్నాయో లేదో చూడాలి. రెండూ ఒకే వైపు తిరిగి ఉంటే, వేర్వేరు జంటల్లో మిగిలిన ఒంటరి జాడీలను కలిపి ఉండవచ్చు.

ఇంట్లో ఉంచుకుంటే

సత్సుమా జాడీని నీళ్లలో నానబెట్టకూడదు. చీలికల్లోంచి నీరు మట్టిలోకి దిగి, లోపలి మరకను పైకి లాక్కొస్తుంది. బ్లీచింగ్ ఇంకా హానికరం, దాని లవణాలు మట్టిలో మిగిలి తర్వాత పూతను తోస్తాయి. మెత్తని కుంచెతో దుమ్ము దులపడం, అవసరమైతే తడి పిండేసిన దూదితో బంగారం లేని చోట అద్దడం చాలు. ఎత్తేటప్పుడు మెడ, పిడులు పట్టుకోకుండా ఒక చెయ్యి అడుగున పెట్టాలి. పూలు పెట్టాలనుకుంటే లోపల గాజు గ్లాసు ఉంచి దానిలోనే నీళ్లు పోయాలి. పైరంగుల్లో సీసం ఉంటుంది కాబట్టి ఈ పాత్రల్లో తాగడానికి, తినడానికి ఏదీ నిల్వ చేయకూడదు.

అసలైన నమూనాలను కళ్లతో చూసి అలవాటు పడాలంటే తెలుగువారికి దగ్గరలో ఉన్న చోటు హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ సేకరణతో 1951లో తెరుచుకున్న ఈ మ్యూజియం జపాన్ విభాగంలో సత్సుమా, ఇమారి సామాను ఉంది. గాజు అద్దం వెనక ఉన్నా సత్సుమా మీగడరంగు, ఇమారి పింగాణీ తెలుపుల తేడా స్పష్టంగా తెలుస్తుంది.

అమెరికాలోనో బ్రిటన్‌లోనో పాత ఇళ్ల సామాను అమ్మకాల్లో కొన్న జాడీని భారతదేశానికి తెచ్చే ప్రవాసులు ఒక చట్టాన్ని గుర్తుంచుకోవాలి. 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం నూరేళ్లకు తక్కువ కాని కళాత్మక వస్తువును పురావస్తువుగా నిర్వచిస్తుంది. అది ఏ దేశంలో తయారైందన్నది ఆ నిర్వచనంలో షరతు కాదు. అలాంటి వస్తువును దేశం దాటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి, అది అనుమతించిన సంస్థకే ఉంటుంది. తిరిగి విదేశానికి తీసుకెళ్లాల్సిన జాడీ అయితే, కొన్న రశీదును, దిగుమతి పత్రాలను, అడుగు ముద్రతో సహా నాలుగు వైపుల ఫోటోలను భారతదేశానికి తెచ్చేటప్పుడే సిద్ధంగా ఉంచుకుని, కస్టమ్స్‌ను, భారత పురావస్తు శాఖను ముందుగా సంప్రదించాలి.